పలకరింపుకు వెళ్ళని మేనేజరు

కోల్డ్ స్టోరేజీల్లో కొత్తగా చేరిన సూపర్‌వైజర్లకు నాలుగు మాటలు చెప్పమని ఆ మధ్య నన్నొక చోటికి పిలిచారు. అమోనియా లీకైతే ఏం చెయ్యాలి, చలిగది తలుపు ఎంతసేపు తెరిచి ఉంచవచ్చు, ఇలాంటివి చెబుతానని వాళ్ళు అనుకున్నారు. పనివాడికి దెబ్బ తగిలితే మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూసి రండి అని చెప్పాను. ముందు వరసలో ఒకతను రాసుకుందామని పెన్ను తీసి, ఇంకేమన్నా వస్తుందేమోనని కాసేపు నా మొహం చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అతన్ని తప్పుపట్టను. అది రాసుకోవాల్సిన సంగతని నాకు తెలిసేటప్పటికి నా ఉద్యోగంలో సగం అయిపోయింది, ఒక మనిషి కాలు కురచయింది.

నేను పనిచేసిన కోల్డ్ స్టోరేజి గుంటూరుకు దగ్గర్లో, రోడ్డు పక్కనే ఉంటుంది. మా వైపు రైతులు దాన్ని ఏసీ అంటారు. కల్లంలో ఎండిన మిరపకాయలకు మిర్చి యార్డులో ధర పలకకపోతే తెచ్చి ఏసీలో పెట్టుకుంటారు, ధర వచ్చినప్పుడు తీసుకుపోతారు. ఎండలు ముదిరేసరికి మా గేటు బయట ట్రాక్టర్లు వరస కట్టేవి. మిరపకాయల బస్తాను టిక్కీ అంటారు. టిక్కీని దించి, కాటా వేసి, వీపు మీద మోస్తూ మెట్లెక్కి, చలిగదిలో పేర్చేది ముఠా. ముఠా అంటే ఒక మేస్త్రీ కింద కలిసి పనిచేసే హమాలీలు. టిక్కీకి ఇంత అని మేస్త్రీకి కూలి ఇస్తాం, వాళ్ళలో వాళ్ళు సమానంగా పంచుకుంటారు. పొద్దున లేస్తే నా కళ్ళముందే తిరిగే మనుషులు. ఎవరికి ఎంతమంది పిల్లలో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో కూడా నాకు తెలుసు. అయినా వాళ్ళు మా పనివాళ్ళు కారు, మేస్త్రీ మనుషులు. ఈ ఏర్పాటు ఎందుకు వచ్చిందని నేనెప్పుడూ ఆలోచించలేదు. అన్ని ఏసీల్లోనూ అంతే కాబట్టి మా దగ్గరా అంతే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ముఠాలో ఒకతన్ని అందరూ పొడుగాయన అనేవాళ్ళు. పై వరసకు టిక్కీ ఎక్కించాలంటే మిగతావాళ్ళు ఇద్దరు పట్టేవాళ్ళు, అతను ఒక్కడే నిలబడ్డ చోటు నుంచి తోసేసేవాడు. ఆదివారం పూట వాళ్ళ పల్లె చర్చిలో డోలక్ వాయించేవాడు. అతని భార్య మా ఆవరణలోనే రేకుల షెడ్డు కింద కూర్చుని కాయలకు తొడిమలు తీసేది. వాళ్ళ పల్లె నేను స్కూటర్ మీద ఇంటికి పోయే దారిలో ఉంది. సాయంత్రం పూట అతను వీధి మొగలో నిలబడి ఉంటే చెయ్యెత్తేవాడు, నేను హారన్ కొట్టేవాణ్ణి. మా స్నేహం అంతవరకే.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం అతను మూడో అంతస్తులో టిక్కీ పేరుస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు. చలిగదిలో అంతస్తులంటే చెక్క పలకలు. గోడ వెంబడి గాలి ఆడటానికి సందు వదులుతారు. ఆ సందుకు తాడు కట్టి ఉండొచ్చు. ఎవరూ కట్టరు కాబట్టి మేమూ కట్టలేదు. అందులోంచి జారి, కింది అంతస్తు దూలానికి తగిలి, నేల మీద పడ్డాడు. టిక్కీ వచ్చి అతని పక్కనే పగిలింది. నేను పరిగెత్తి వెళ్ళేసరికి కాయలు చుట్టూ చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆ ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు. అతనూ తుమ్ముతున్నాడు. తుమ్మినప్పుడల్లా విరిగిన కాలు కదిలి కేక వేస్తున్నాడు.

"ముందు ఆ కాయలెత్తండ్రా," అని మేస్త్రీ అరిచాడు. ఆ నిమిషంలో అంతకంటే మంచి వైద్యం లేదు.

ట్రాలీ ఆటోలో అతన్ని పడుకోబెట్టి, తల దగ్గర నేనే కూర్చుని, గుంటూరులో ఒక ఎముకల ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎక్స్‌రే తీశారు. తొడ ఎముక విరిగిందని, ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేస్తే కాలు మామూలుగా ఉంటుందని, ఆలస్యం చెయ్యవద్దని డాక్టరు చెప్పాడు. ఆ రోజుకు కట్టాల్సింది కట్టాను. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను.

"కాలుంటదా సార్?" అని అడిగాడు.

"ఎందుకుండదు? రేపు పొద్దున్నే వస్తాగా. ఓనరు గారితో మాట్లాడి ఆపరేషన్ సంగతి చూస్తాను," అన్నాను.

ఆ సాయంత్రం వరకు నా ప్రవర్తనలో చెప్పుకోదగ్గ లోపం ఏమీ లేదు.

మర్నాడు దారిలో బత్తాయిలు కొనుక్కుని ఆఫీసుకు వెళ్ళాను. ఓనరు గారి గదిలో సలహాదారు కూర్చుని ఉన్నాడు. ఈయన ఒకప్పుడు గుంటూరులో ఎవరో వకీలు దగ్గర గుమస్తాగా చేశాడు. లా చదవలేదు కానీ మా చుట్టుపక్కల ఏసీలకూ పత్తి మిల్లులకూ పనివాళ్ళతో చిక్కు వస్తే ఈయనే వచ్చేవాడు. ఖద్దరు చొక్కా, చేతిలో తోలు సంచీ. ఎవరు ఏం చెప్పినా "రుజువు కావాలి కదండీ" అనేవాడు.

"ఆ బుట్టలో ఏంటి మేనేజరు గారూ?"

"బత్తాయిలండి. ఆసుపత్రికి పోతున్నా."

"ఎవరి తరఫున?"

నేను ఓనరు గారి వైపు చూశాను.

"నిన్న వెళ్ళారు, అది మానవత్వం," అన్నాడు సలహాదారు. "రోడ్డు మీద పోయేవాడైనా తీసుకెళ్తాడు. ఇవాళ వెళ్తే బాధ్యత. పళ్ళు పట్టుకెళ్తే ఒప్పుకోలు. ఆపరేషన్‌కి కూడా కట్టేస్తానంటారా, ఇక నాతో పనేముంది, నేను ఇంటికి పోతా."

"మనవాడేనయ్యా పాపం," అన్నాడు ఓనరు.

"ఆ మాటే వద్దన్నాను. మనవాడు కాదు. ముఠావాడు. మేస్త్రీని చూసుకోమనండి."

ఓనరు గారు నా మొహం చూశాడు. "నువ్వేమంటావయ్యా?"

"ఆయన చెప్పేదీ నిజమేనండి," అన్నాను నేను.

చాలా ఏళ్ళ తర్వాత, నేను ఉద్యోగం మానేస్తున్న రోజు కాఫీ తాగుతూ, ఓనరు గారు ఆ పూట సంగతి ఎత్తాడు. వెళ్ళి తీరాలని నేను గట్టిగా అంటానేమోనని చూశాడట. నేను అని ఉంటే సరేననేవాడట. ఆయన ధైర్యం కోసం నా మొహం చూశాడు, నేను ఉద్యోగం కోసం ఆయన మొహం చూశాను. ఇద్దరం మంచివాళ్ళమే.

బత్తాయిలు ఆఫీసు బల్ల మీద మూడు రోజులున్నాయి. గుమస్తాలు తిన్నారు. నేనూ రెండు తిన్నాను. పుల్లగా ఉన్నాయి.

ఇక్కడ మీకు ఇన్సూరెన్సు సంగతి చెప్పాలి. మాకు ఒక పాలసీ ఉంది. పనిచేస్తూ ఎవరికి దెబ్బ తగిలినా, ముఠా వాళ్ళతో సహా, పరిహారం ఆ కంపెనీయే కడుతుంది. ఏటా ప్రీమియం కట్టించేది నేనే. ప్రమాదం జరిగిన వెంటనే వాళ్ళకు ఒక ముక్క రాసి తెలపాలి. తెలిపితే ప్రమాదం మా పనిలోనే జరిగిందని ఒప్పుకున్నట్టవుతుందని సలహాదారు అన్నాడు. అందువల్ల తెలపలేదు. వాన వస్తుందని గొడుగు కొనుక్కుని, గొడుగు తెరిస్తే వాన వచ్చిందని ఒప్పుకున్నట్టవుతుందని మడిచి చంకలో పెట్టుకుని నిలబడ్డాం.

ఆసుపత్రిలో రెండు రోజులు ఎదురు చూశారు. ఆపరేషన్ ఎవరు చేయిస్తారో తెలియలేదు. మూడో రోజు ముఠావాళ్ళే నులక మంచం పట్టుకొచ్చి, దాని మీద ఎత్తుకుని ఇంటికి తెచ్చి, నాటు కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది. కురచగా అతుక్కుంది.

నేను ఇంటికి పోయే దారి మార్చాను. పల్లె మీదుగా కాకుండా కాలవ కట్ట మీద నుంచి తిరిగి పోతే ఎవరూ ఎదురు పడరు. దూరం ఎక్కువ, గతుకులు. సాయంత్రం కాలవ గాలి బాగుంటుందని ఆఫీసులో చెప్పాను. నన్ను ఎవరూ అడగలేదు.

మా ప్రాంతంలో ఇంట్లో ఒక మనిషి మంచాన పడితే పలకరింపుకు వెళ్ళడం ఎంత ముఖ్యమో కొత్తగా చెప్పక్కర్లేదు. అప్పు ఇవ్వకపోయినా క్షమిస్తారు, పెళ్ళికి పోకపోయినా క్షమిస్తారు. పలకరించడానికి రాలేదంటే మాత్రం పిల్లల పెళ్ళిళ్ళ దాకా గుర్తుంచుకుంటారు. నాకది బాగా తెలుసు. మా చిన్నాన్నతో మా నాన్న మాట్లాడకపోవడానికి కారణం అదే. అందుకే మేస్త్రీ వచ్చినప్పుడు ఆయన ఎందుకొచ్చాడో ముందే అర్థమైంది.

"సార్, ఒక్కసారి కనపడి రండి," అన్నాడు. "డబ్బు సంగతి కాదు. అది తర్వాత. ఊరికే గుమ్మం దగ్గర నిలబడి ఎట్టా ఉందయ్యా అనండి, చాలు."

"వెళ్దామనే అనుకుంటున్నా మేస్త్రీ. ఇవాళ మంగళవారం కదా."

"మాకు మంగళవారం లేదండీ."

"రేపు యార్డుకు పోవాలి. శుక్రవారం ఎటూ బాగోదు."

"శుక్రవారం కూడా లేదండీ. మా వాడు ఆదివారం పొద్దున చర్చిలో ఉంటాడు, అప్పుడు తప్ప ఎప్పుడైనా రావొచ్చని చెబుదామనుకున్నా," అన్నాడు ఆయన. "ఇప్పుడు ఆదివారం కూడా ఇంట్లోనే ఉంటన్నాడు."

"చూద్దాం మేస్త్రీ."

ఆయన సరేనని వెళ్ళిపోయాడు. ఆ వారం పంపకంలో పొడుగాయన వాటా అతని ఇంటికి చేరిందని తర్వాత తెలిసింది. మంచాన ఉన్నన్నాళ్ళూ ముఠా అతని వాటా ఆపలేదు. లేచి కూర్చోగానే టిక్కీల మూతులు కుట్టే పని అతని ముందు పెట్టారు. ఇంటి దగ్గరికే గోనెసంచులు పంపి చిరిగినవి కుట్టించారు. సలహాదారు లేకుండా ఇదంతా ఎలా చేశారో నాకు అర్థం కాలేదు.

తర్వాత అతని భార్యే వచ్చింది. తొడిమల షెడ్డు నుంచి చేతులు తుడుచుకుంటూ నా గది గుమ్మం దగ్గర నిలబడింది. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోకూడదని వాళ్ళకు తెలుసు, అందుకని తొడిమలు తీసేవాళ్ళు ఏడిస్తే కళ్ళు అలాగే వదిలేస్తారు.

"మీరు ఇటు పోవట్లేదేంది సార్ ఈ మధ్య?"

"ఎటు?"

"మా వీధి మీదుగా. మా ఆయన అడుగుతన్నాడు. స్కూటరు చప్పుడు ఇనపడట్లేదేంది, సార్ గారికి ఒంట్లో బాగుందా అని."

"బాగానే ఉంది. పని ఎక్కువగా ఉంది."

"నేనూ అదే చెప్పాను," అని వెళ్ళింది.

ఆ మాట నేను ఓనరు గదిలో చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. మనసు తేలిక పడుతుందని కావచ్చు. సలహాదారు వెంటనే, "ఆమె ఇంకా మీ షెడ్డులోనే పనిచేస్తోందా? రేపు సాక్ష్యం చెబుతుంది. కొన్నాళ్ళు రావద్దనండి," అన్నాడు. అనమని చెప్పింది ఆయన. అన్నది నేను. ఇంటి దగ్గర మనిషికి తోడుండాలి కదా, కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండమ్మా అన్నాను. నా గొంతు ఎంత మెత్తగా ఉందో నాకే ఆశ్చర్యం వేసింది.

ఆమె తలూపింది. ఆ తర్వాతి వారం చర్చి ఫాదరుకు తెలిసిన వకీలు ద్వారా పరిహారం కేసు వేశారు. ఆ రోజు వరకు వాళ్ళకు కేసు వేసే ఆలోచనే లేదని మేస్త్రీ చెప్పాడు. ఒక మనిషి చేత కేసు వేయించడానికి ఎంత శ్రమ పడాలో అంతా పడ్డాం.

వానాకాలంలో కాలవ కట్ట జారుడుగా ఉంటుంది. ఒక సాయంత్రం నా స్కూటర్ పక్కకు పోయింది, నేను చెయ్యి ఆనించి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఓనరు గారే కారు పంపాడు, ఆసుపత్రి ఖర్చంతా పెట్టాడు. ఆఫీసు నుంచి ఇంటికి పోతూ పడ్డాడు కాబట్టి డ్యూటీలో పడ్డట్టే లెక్క అని తేల్చింది సలహాదారు. రుజువు అడగలేదు. మర్నాడు పొద్దున్నే బత్తాయిలతో ఆయనే వచ్చాడు.

ఆదివారం సాయంత్రం ముఠా మొత్తం మా ఇంటికి వచ్చింది. వెనకాల ఆటో ఆగింది. అందులోంచి పొడుగాయన చంకకర్ర ఊతంతో దిగాడు, పక్కన అతని భార్య. మా ఆవిడ కుర్చీలు చాలక చాప వేసింది. చాప మీద కూర్చోవడం అతనికి కుదరదని చూసి ముఠావాళ్ళే అతనికి కుర్చీ లాగారు. మా ఇద్దరివే కుర్చీలు. ఎదురెదురుగా కూర్చున్నాం.

"కుడి చెయ్యేనా సార్?" అన్నాడొక హమాలీ.

"కుడి చెయ్యే."

"మేస్త్రీ, మన కూలి పోయిందిరోయ్. చెక్కు మీద సంతకం ఎవరు పెడతారు?"

"ఎడం చేత్తో ఏలిముద్రేత్తాడులే. మనకి నేర్పింది ఆయనేగా," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"అది సరే, కాలవ కట్ట మీదికి ఎందుకు పోయారు సార్? అటు మీకు పనేంది?" అన్నాడు మొదటివాడు.

అందరి నవ్వూ ఒకేసారి ఆగింది. ఎందుకు పోయానో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. మా ఆవిడకు ఒక్కదానికే తెలియదు. ఆమె కాఫీ గ్లాసులు పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది.

"గాలికి పోయుంటార్లేరా," అన్నాడు పొడుగాయన. "అటు చల్లగా ఉంటది."

తర్వాత నా వైపు వంగి, "రాత్రిళ్ళు లాగుతందా సార్? చేతికింద దిండు పెట్టుకుని ఎత్తులో ఉంచండి. తగ్గుద్ది. నాకు తెలవక మొదట్లో కాలు కిందే ఉంచుకున్నా," అన్నాడు.

సరేనన్నాను. నీ కాలు ఎట్టా ఉందయ్యా అని అడగాల్సింది సరిగ్గా అక్కడే. మాట నోటిదాకా వచ్చింది. కేసు నడుస్తోంది కదా అనిపించింది. మింగేశాను.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ అడిగింది. "ఆ కర్రతో నడిచే ఆయనకేమైంది?"

"పడ్డాడు."

"ఎక్కడ?"

"మా దగ్గరే."

"మీరు వెళ్ళొచ్చారా?"

"కాస్త మంచినీళ్ళివ్వు."

మంచినీళ్ళు ఇచ్చింది. ఆ రాత్రి చేతికింద దిండు పెట్టుకుని పడుకున్నాను. నిజంగానే నొప్పి తగ్గింది.

మరుసటి ఏడు కేసు విచారణకు వచ్చింది. గుంటూరు లేబర్ ఆఫీసులో పై అంతస్తు గది. పరిహారం కేసులు వినే అధికారి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫ్యాను చప్పుడుకు ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకునేవాడు. మా తరఫు సాక్షిని నేను. రెండు మాటలు చెప్పాలని సలహాదారు వారం రోజులుగా నాకు వల్లె వేయించాడు. ఒకటి, అతను మా పనివాడు కాడు. రెండు, పడ్డప్పుడు తాగి ఉన్నాడు. తాగి పడితే పరిహారం రాదు. బల్లకు అవతల పొడుగాయన కర్రను గోడకు ఆనించి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అతని బతుకు ఆ రెండు మాటల మీద ఉందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నేను లోపలికి వస్తుంటే, "చెయ్యి బాగయిందా సార్?" అన్నాడు. బాగయిందన్నాను.

మొదటి మాట చక్కగా చెప్పాను. ముఠా వేరు, మేము వేరు అన్నాను. అధికారి రాసుకున్నాడు. రాసుకుంటూ తల ఎత్తకుండానే, "మీ చలిగదులు చాలా ఉంటాయి కదా. ఏ రైతు బస్తా ఏ గదిలో, ఏ అంతస్తులో వెయ్యాలో ఈ ముఠావాళ్ళకి తెలుస్తుందా?" అని అడిగాడు.

"వాళ్ళకేం తెలుస్తుందండీ," అన్నాను. "నేను చెప్పందే మా దగ్గర ఒక్క టిక్కీ కదలదు."

సలహాదారు దగ్గాడు. అధికారి కళ్ళజోడు కిందికి దించుకుని మొదటిసారి నన్ను చూశాడు. "మరి ఆ రోజు మూడో అంతస్తులో వెయ్యమని చెప్పింది?"

"నేనేనండి."

నా మనస్సాక్షి మేల్కొని ఆ మాట చెప్పించిందని రాస్తే మీరు నమ్ముతారు. జరిగింది అది కాదు. పని అంతా నా చేతి మీదే నడుస్తుందన్న గొప్ప నాకు ఎప్పుడూ ఉండేది. ఒక అధికారి ఎదురుగా దాన్ని దాచుకోలేకపోయాను. మా వాదన పడిపోయింది నా డాంబికం వల్ల.

రెండో ప్రశ్న మాత్రం నేను మెలకువగా ఉండగానే వచ్చింది.

"పడిన సమయంలో ఇతను మద్యం సేవించి ఉన్నాడని మీ జవాబులో రాశారు. మీరు చూశారా?"

ఫ్యాను తిరుగుతోంది. సలహాదారు సంచీ జిప్పు తీసి మళ్ళీ వేశాడు. పొడుగాయన నా వైపు చూడటం లేదు. నేల చూస్తున్నాడు. ఒక మనిషి అబద్ధం చెప్పబోతుంటే ఎదుటివాళ్ళు సిగ్గుతో తల దించుకోవడం ఉంటుంది. అలా దించుకున్నాడు.

"ఆటోలో అతని తల నా ఒళ్ళోనే ఉందండి," అన్నాను. "తాగలేదు."

"గట్టిగా చెప్పండి."

"తాగలేదండి."

మెట్లు దిగుతుంటే సలహాదారు, "మీరు అవతలివాళ్ళ సాక్షా, మా సాక్షా?" అన్నాడు. ఆ తర్వాత మా ఏసీకి ఆయన రాలేదు. ఓనరు గారు నన్ను ఏమీ అనలేదు. కొన్నాళ్ళు మాట్లాడలేదు, అంతే.

తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. ఇన్సూరెన్సు కంపెనీ, తమకు సకాలంలో తెలపలేదు కాబట్టి తాము కట్టేది లేదంది. అది నిజమే. పరిహారం, దాని మీద వడ్డీ, ఆలస్యానికి జరిమానా ఓనరు గారే కట్టాడు. తప్పు ఎవరిదని మేము అన్నాళ్ళూ వాదించాం కదా, ఆ తీర్పులో ఎక్కడా తప్పు ఎవరిదన్న ప్రశ్నే లేదు. పనిలో ఉన్నాడా, దెబ్బ తగిలిందా, అంతే అడుగుతుందట ఆ చట్టం. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఒక కాలు పోగొట్టాం. మొదటి వారంలో ఆపరేషన్ చేయించి ఉంటే అతను మళ్ళీ మెట్లెక్కేవాడని తర్వాత ఒక డాక్టరు నాతో అన్నాడు. నేను అడక్కుండానే అన్నాడు.

ఆ తర్వాత గోడ వెంబడి సందులకు తాడు కట్టించాను. ఎవరికి దెబ్బ తగిలినా ఆ పూటే కంపెనీకి తెలిపేవాళ్ళం. ఆసుపత్రిలో మా మనిషి ఒకడు ఉండేవాడు, బాగయ్యేదాకా. ఇంట్లోవాళ్ళ పని తీసేయడం మాట అటుంచి, షెడ్డులో ఆడవాళ్ళకు ఇష్టమైతే ఆసుపత్రిలో తోడుండటానికి వీలుగా పని పూట మార్చి ఇచ్చేవాళ్ళం. పూర్తిగా కోలుకోనివాడికి కూర్చుని చేసే పని ఇవ్వడం ముఠా దగ్గర నేర్చుకున్నాను. పొడుగాయనకు కాటా దగ్గర పని ఇచ్చాం, అతని భార్య మళ్ళీ షెడ్డుకు వచ్చింది. కేసులు దాదాపు రాలేదు. ఇవన్నీ చేశాక నన్ను మంచి మేనేజరు అన్నారు. ఆ సూపర్‌వైజర్లకు ఉపన్యాసం చెప్పమని పిలిచింది కూడా అందుకే.

తీర్పు వచ్చిన వారం, అన్ని మార్పులకూ ముందు, ఒక పని చేశాను. సాయంత్రం స్కూటర్‌ను కాలవ వైపు కాకుండా పల్లె వైపు తిప్పాను. పళ్ళు కొనలేదు. చేతులూపుకుంటూ వెళ్ళడానికి సిగ్గేసింది, కొనుక్కుని వెళ్ళడానికి ఇంకా సిగ్గేసింది.

అతను వసారాలో నులక మంచం మీద కూర్చుని గోనెసంచి కుడుతున్నాడు. సంచి పక్కన పెట్టి లేవబోయాడు. కూర్చోమన్నాను. అతని భార్య లోపలి నుంచి స్టూలు తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. కేసు గెలిచినవాళ్ళ మొహాలు కావు అవి. మామూలుగా ఉన్నాయి.

"కేసు అయిపోయిందిగా సార్. మళ్ళీ ఏమన్నా సంతకాలా?" అంది ఆమె.

"సంతకాలేం లేవు."

పక్కింటి రేడియో మోగుతోంది.

"కాలు ఎట్టా ఉందయ్యా?" అన్నాను.

అతను భార్య వైపు చూశాడు. ఆమె గడప మీద కూర్చుంది.

"ఎప్పటి సంగతి చెప్పమంటారు సార్?"

వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"మొదటి నుంచి చెప్పు," అన్నాను.

"మొదటి రోజు మీరున్నారుగా. రెండో రోజు పొద్దున నొప్పి బాగా ఎక్కువగా ఉంది సార్. అయినా మా దాన్ని లేపి చొక్కా మార్చమన్నా. పాత చొక్కా అంతా కారం. మేనేజరు గారు వస్తన్నారే, ఇట్టా ఉంటే బాగోదు అన్నా. పైకి లేపితే ప్రాణం పోయినంత పనయింది. ఎట్టాగో తొడిగింది. తల కూడా దువ్వించుకున్నా. పడుకుంటే జుట్టు చెదురుద్దని మధ్యాన్నం దాకా గోడకానుకునే ఉన్నా. మధ్యాన్నం నర్సు వచ్చి, పడుకోవయ్యా, ఎముక కదులుద్ది అని తిట్టింది."

"సాయంత్రం మళ్ళీ దువ్వమన్నాడు," అంది ఆమె గడప మీద నుంచి.

"దువ్వమన్నా," అని ఒప్పుకున్నాడు అతను. కాలు రెండు చేతులతో పట్టుకుని మంచం మీద సర్దుకున్నాడు. తర్వాత మూడో రోజు సంగతి మొదలుపెట్టాడు.